టూల్‌లెస్ ట్రే గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హార్డ్‌డిస్క్ ట్రే గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ డిస్కులన్నీ క్షేమం. తమ ఎడమ కొక్కెం ఇంకా విరగలేదని తలుస్తాము.

స్క్రూ డ్రైవర్‌తో పనే లేదని కంప్యూటర్ క్యాబినెట్ అట్టపెట్టె మీద 'టూల్‌లెస్' అన్న తమ బిరుదు పెద్దక్షరాల్లో వేశారు. సంతోషం. కానీ తమ దర్శనానికి వచ్చేసరికి స్క్రూ డ్రైవర్ మా చేతిలోనే ఉంటోంది. ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డుకు తొమ్మిది స్క్రూలు, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌కు నాలుగు బిగించి వస్తున్నాం మరి. పదమూడు బిగించిన చేతికి ఇంకో నాలుగు బరువవుతాయని ఎవరు చెప్పారండీ తమకు?

తమ సేవ కూడా తేలికేం కాదు. రెండు కొక్కేలూ నొక్కి తమను బయటికి లాగాలి. కనెక్టర్లు కేబుళ్లు దాచే వైపుకి వచ్చేలా డిస్కు పట్టుకుని, ముందు తమ ఒక పక్క గోడకున్న పిన్నులు రెండూ డిస్కు రంధ్రాల్లో కూర్చోబెట్టాలి. తర్వాతే రెండో గోడను కాస్త వెలుపలికి వంచి మిగతా రెండూ దించాలి. తొందరపడి రెండు గోడలూ ఒకేసారి చీలదీస్తే మూల దగ్గర తెల్లటి గీత పడుతుంది. గీత పడిన మూల విరగడానికి ఎంతోకాలం పట్టదు.

ఆ తర్వాత టక్‌మనే దాకా తోయాలి. ఆ టక్ ఒక్కోసారి ఒక కొక్కేనిదే. రెండోది పట్టిందో లేదో వెనక్కి లాగి చూడాల్సిందే. చూడకపోతే, వెనక డోర్ బిగించినప్పుడు నిటారు కనెక్టరున్న సాటా (డేటా) కేబుల్ డిస్కును ముందుకు నెడుతుంది, కనెక్టర్ సగం ఊడుతుంది. డిస్కు కాసేపు కనిపించి మాయమవుతూ ఉంటుంది. పోయింది డిస్కే అనుకుని కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. ఎల్ ఆకారపు కేబుల్ వేస్తే ఈ తంటా చాలావరకు తప్పుతుంది.

ఇక అసలు ఫిర్యాదు పిన్నుల మీద. 3.5 అంగుళాల డిస్కుకు పక్కకు మూడేసి రంధ్రాలు పాత ఆనవాయితీ. మొదటికీ చివరికీ మధ్య 101.6 మిల్లీమీటర్లు. పెద్ద కెపాసిటీ డిస్కుల్లో చాలావాటికి నడిమి రంధ్రం ఎత్తేశారు. తమ పిన్ను అక్కడే ఉంటే చదును లోహానికి ఆనుకుని గోడ ఉబ్బుతుంది, ట్రే గూట్లోకి పోదు. బలవంతంగా తోస్తే పిన్ను విరుగుతుంది. ఆ పిన్ను లాగేసి, ట్రే అడుగున డిస్కుకు సరిపడే రంధ్రాలుంటే 6-32 (అంగుళాల కొలత మర) స్క్రూలు వేసుకోవడమే దారి. అడుగున రబ్బరు గ్రోమెట్లు (రింగులు) ఉంటే క్యాబినెట్‌తో వచ్చిన, తల కింద మర లేని మెడ ఉండే స్క్రూలే వాడాలి, రబ్బరు నలిగేదాకా బిగించకూడదు. 7200 ఆర్పీఎం డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. రబ్బరు నలిగినా, ఊడినా గూడంతా జుమ్మని మోగుతుంది.

స్క్రూ పోతే సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ సర్వీసు షాపు డబ్బాలో చెయ్యి పెట్టినా గుప్పెడు వస్తాయి. తమ కొక్కెం పోతే? పక్క కంపెనీ ట్రే పట్టదు, అదే కంపెనీ వేరే మోడల్‌ది కూడా చాలాసార్లు పట్టదు. తరచూ డిస్కులు మార్చే స్టోరేజ్ పెట్టెల్లో తమ అవసరం ఉంది, కాదనం. ఇళ్లలో ఐదేళ్లకోసారి మార్చే డిస్కుకు ఇంత హడావిడి దేనికి?

క్యాబినెట్‌ను బస్సు డిక్కీలో వేసి విజయవాడ పంపేటప్పుడు మాత్రం డిస్కు తీసి చేతిసంచిలో పెట్టుకుంటున్నాం. ముప్పావు కిలోకి దగ్గరగా ఉండే డిస్కును నాలుగు పిన్నుల మీద వేలాడదీయడానికి ధైర్యం చాలడం లేదు, ఏమీ అనుకోవద్దు.

తదుపరి మోడల్‌లో పిన్నులు ఊడదీసేలా, అడుగున పాత, కొత్త డిస్కులు రెండింటి కొలతలకూ రంధ్రాలుండేలా చూడవలెనని మనవి.

ఇట్లు,
ఒక స్క్రూల డబ్బా యజమాని

తా.క.: 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీని తమ ఒళ్లో కూర్చోబెట్టాలంటే అడుగు నుంచి నాలుగు ఎం3 (3 మిల్లీమీటర్ల మర) స్క్రూలు బిగించాలని తమ మాన్యువల్‌లోనే ఉంది. 6-32 దూరిస్తే మర చెడిపోతుంది కనుక ఎం3లే వేశాం. ఇక ఈ స్క్రూ డ్రైవర్‌ను ఎక్కడ పెట్టమంటారో సెలవివ్వగలరు.