బల్ల కిందికి పోయిన మొర్రి పండ్లు

పిల్లలకు మూలాలు చూపించాలని మన సంఘం చేసిన యాత్ర మే నెలాఖరున ములుగు దగ్గర ఒక ఊళ్లో ఆగినప్పుడు, ఇద్దరు కోయ మహిళలు మోదుగాకు దొప్పల్లో అడవిలో కాసే మొర్రి పండ్లు తెచ్చారు. కార్యకర్త ఒకరు దొప్పలు అందుకుని, దండం పెట్టి, బల్ల కిందికి నెట్టేశారు. పిల్లలకు పడవట. తర్వాత వరంగల్ నుంచి తెప్పించిన కేకు కోశారు, పైన ఎర్రటి చెర్రీలు. పండ్లు తెచ్చినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

మన బేకరీ కేకు మీద కనిపించే చెర్రీ చాలాసార్లు వాక్కాయే. గింజ తీసి, రంగు వేసి, చక్కెర పాకంలో ఊరబెడతారు. మనం పప్పులో వేసుకునే వాక్కాయ, గుట్టల మీద ముళ్ల పొదల్లో కాసేది. రంగు పూస్తే అడవి కాయకు మర్యాద దక్కింది. ఉన్నదున్నట్టు వచ్చిన పండుకు దక్కలేదు.

నర్సంపేట వైపు పెరిగిన నాకు మొర్రి వేసవి సెలవుల పండు. ఏప్రిల్, మే ఎండలకు కాయ నల్లబడేది. రాలినవి ఏరుకుని, అంగీకి తుడుచుకుని తినేవాళ్లం. గుజ్జు పలచన, తీపిలో సన్నని పులుపు. గింజను మాత్రం అమ్మమ్మ పారేయనిచ్చేది కాదు. కడిగి, ఎండబెట్టి, తిరగలిలో పెంకు పగిలేలా విసిరితే లోపల సారపప్పు. మామిడి, జీడి కుటుంబానికే చెందిన చెట్టు ఇది. పాయసంలో నేతిలో వేయించి వేసే ఆ ఖరీదైన పప్పు ఈ పండులోదేనని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

కార్యకర్తల భయం సహజమే. ఎవరికైనా కడుపు నొప్పి వస్తే తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సింది వాళ్లే. కానీ మంచి నీళ్లలో కడిగి పెట్టడానికి ఎంతసేపు? మేడారంలో సమ్మక్క, సారలమ్మలకు బెల్లం సమర్పించి, ఆ తల్లుల అడవిలో పండిన పండును ముట్టకుండా తిరిగొస్తే అది మూలాలు చూపించే యాత్ర ఎలా అవుతుంది?

చెట్టు సంగతీ ఆలోచించాలి. ఆగితే ఇంకెవరో కోసుకుపోతారన్న తొందరలో పచ్చికాయలు దులపడం, కొమ్మలు నరకడం చాలాచోట్ల మామూలైంది. నేల మీద గింజే మిగలకపోతే కొత్త మొలక ఎక్కడిది?

కార్యవర్గ సభ్యులారా, వచ్చే వేసవికి కేకు మానండి. మాగిన పండ్లూ, సారపప్పూ ఆ ఊరి ఆడవాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిన ధరకే కొనండి. పిల్లలను చెట్టు దగ్గరికి వాళ్లనే తీసుకెళ్లమని అడగండి. తిన్నాక కొన్ని గింజలైనా తొలకరికి ముందే ఊరి బడి ఆవరణలో పిల్లల చేతే నాటించండి.