బ్యాంజోకు ఏడుపు నేర్పిన వైనం

నెల్లూరు ట్రంకు రోడ్డులో బ్యాంజో కావాలని అడిగితే, దుకాణదారు మీటలున్న బుల్‌బుల్ తరంగ్‌ను ఎంతో గౌరవంగా బల్ల మీద పెడతాడు. నాకు కావలసినది అది కాదని, డప్పుకు పొడవాటి మెడ అతికించినట్టుండే ఐదు తీగల అమెరికా వాద్యమని వివరించి, చివరకు చెన్నై నుంచి తెప్పించుకోవడంతో నా సాధనలోని సులువైన ఘట్టం ముగిసింది.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలింపబడినవారి చేతుల్లో రూపుదిద్దుకున్న ఈ వాద్యానికి దుఃఖం తెలియదనలేము. అయినా దానిని సాధారణంగా ఓపెన్ జి శ్రుతిలో పెడతారు గనుక, ఎడమచేయి జేబులో ఉంచుకుని మీటినా జి మేజర్ అనే సంతోషపు స్వరగుచ్ఛం నవ్వుతూ పలుకుతుంది. ఏడిపించాలంటే మాత్రం గాంధారాన్ని ఒక మెట్టు దించాలి, అంటే మన అంతర గాంధారం సాధారణ గాంధారం కావాలి. ఆ గాంధారమేమో ఎక్కడా నొక్కకుండా మోగే వట్టి బి తీగ. నేల మీద కూర్చున్నవాణ్ణి ఇంకా కిందికి దిగమంటే ఎక్కడికి దిగుతాడు? అందుచేత జి మైనర్ అనే ఏడుపు గుచ్ఛం కోసం చేయి పైకి పాకించి, నడిమి రెండు తీగలను మూడో మెట్టు దగ్గర ఒకే వేలితోను, వాటికి అటూ ఇటూ ఉన్నవాటిని ఐదో మెట్టు దగ్గరను నొక్కాలి. నా ఉంగరపు వేలు మొదటి తీగను పట్టబోయి రెండోదానికి ఒరుసుకోవడం వల్ల, శోకం పలకవలసిన చోట కొబ్బరిచిప్ప మీద తట్టినట్టు టక్కుమని మోగేది.

ఇ మైనర్ దయగలది. రెండు వేళ్లతో పోతుంది. డి మైనర్‌లో అసలు జి స్వరానికి చోటే లేదు, కానీ బొటనవేలి కింది పొట్టి ఐదో తీగ, చావింటికి వచ్చి మొలగొలుకుల బియ్యం ధర అడిగే బంధువులా, దానినే మోగిస్తూ ఉంటుంది. పైగా చర్మం మీద పుట్టిన నాదం క్షణంలో ఆరిపోతుంది. మనకు శోకమంటే సాగాలి కదా! నెల రోజుల సాధన తరువాత కళ్లు మూసుకుని ఇ మైనర్ వాయిస్తే, పక్కింటి పిన్నమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏంది నాయనా, పెళ్లి కుదిరిందా?" అన్నది.

ఇక మానవప్రయత్నం చాలదని తేలినందున, మొహర్రం రోజుల్లో కోరికకొక రొట్టె అందుకునే బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు వెళ్లి, స్వర్ణాల చెరువులో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, చదువు రొట్టె, పెళ్లి రొట్టె అంటున్న జనం మధ్య నేను డి మైనర్ రొట్టె అడిగాను. ఒక పెద్దాయన కాసేపు ఆలోచించి, "అది ఏ డిపార్ట్‌మెంటు అబ్బయ్యా?" అంటూ ఉద్యోగం రొట్టె చేతిలో పెట్టాడు.