తోడు వద్దన్న కాన్పు గది

ఈజిప్టు 2014 సర్వేలో నూటికి 52 కాన్పులు సిజేరియన్లు. 2021 సర్వేకి అది 72 అయింది. అరబ్ దేశాల్లో కాన్పుల ప్రస్తావన వస్తే ‘మరింత పరిశోధన జరగాలి’ అనడం రివాజు. జరిగింది కదా! 2001లోనే కైరోలోని ఎల్ గలా బోధనాసుపత్రిలో పరిశోధకులు లేబర్ రూమ్‌లోనే ఉండి 175 మామూలు కాన్పులను కళ్లారా చూసి రాసుకున్నారు. మేలు చేసే పద్ధతులు అరుదనీ, అక్కర్లేనివీ హాని చేసేవీ రోజువారీ అలవాటైపోయాయనీ తేలింది. ఇవి రికార్డులు తిరగేస్తే దొరికేవి కావు. తోడు వచ్చిన మనిషిని బయటికి పంపేశామని కేస్ షీట్‌లో ఎవరు రాస్తారు?

బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీ కేంద్రంగా లెబనాన్, సిరియా, ఈజిప్టు, పాలస్తీనా పరిశోధకులు కాన్పుల మీద కలిసి చేసిన పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ తోడు సంగతే. నొప్పులు పడే మనిషి పక్కన తల్లో, అక్కో ఉండాలి. అంతే. మందు కాదు, మిషన్ కాదు. 15,000 మందికి పైగా స్త్రీలతో పలు దేశాల్లో జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధనా సంస్థ 2017 సమీక్ష కూడా, ఎవరైనా వదలకుండా పక్కనుంటే నొప్పుల సమయమూ సిజేరియన్లూ తగ్గే అవకాశం ఉందని చెప్పింది. ఇదే పని ఏ మాత్రో చేసుంటే కంపెనీలు ఊరూరా హోర్డింగులు పెట్టేవి.

తోడును రానివ్వకపోవడం వెనక డాక్టర్ల బాధా ఉంది. ఒకే హాల్లో వరస మంచాలు, మిగతా ఆడవాళ్ల మరుగు, పైగా రద్దీ. ఈజిప్టులో లక్ష జననాలకు 174గా ఉన్న మాతృమరణాలు 2000 నాటికి 84కి దిగాయంటే అందులో ఆసుపత్రుల పాత్ర లేదనలేం. కానీ ఆ 174 లెక్క తీసిన 1992-93 అధ్యయనమే డాక్టర్ల నాసిరకం వైద్యాన్నీ చావుల కారణాల్లో చేర్చింది. మరుగంటారా, దానికి ఒక కర్టెన్ చాలు.

అసలు తోడు గురించి మనకు ఇంకొకరు చెప్పాలా? తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తెచ్చుకునే జాతి మనది. ఏడో నెల నుంచీ కంటికి రెప్పలా చూసుకున్న అమ్మను లేబర్ రూమ్ తలుపు దగ్గర ఆయా ఆపేస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పుకు తోడు మనిషిని అనుమతించమని కేంద్రం 2016లోనే చెప్పింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ సిజేరియన్లు 60.7 శాతం. అమ్మ మాత్రం ఇంకా వరండా బెంచీ మీదే ఉంది, ఒళ్లో వేణ్ణీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని.