సవరణ: మిల్స్ చేతిబాంబు మీది గాట్లు

నా సేకరణలోని 36వ నంబరు మిల్స్ చేతిబాంబు ఖాళీ డొల్లను వివరిస్తూ, పేలినప్పుడు ఒక్కో గడి ఒక్కో ముక్కగా విడిపోవడానికే దానిమీద గాట్లు పెట్టారని ఇంతకుముందు రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. 1915 నుంచి బ్రిటిష్ సైన్యం వాడిన మిల్స్ బాంబుల రూపకర్త విలియం మిల్స్ రాసుకున్న వివరాల ప్రకారం, ఆ గాట్లు చేతికి పట్టు దొరకడం కోసం పెట్టినవి; పైగా పోత ఇనుము ఆ గీతల వెంటే పగలదని, చిన్నా పెద్దా పెంకులుగా ఎటుపడితే అటు చీలుతుందని తర్వాతి పరిశీలనలు కూడా చెబుతున్నాయి. అడుగు బిరడా విప్పి చూస్తే లోపలి గోడ నున్నగానే ఉంది, ఆ సంగతిని నేను అప్పుడే పట్టించుకోవలసింది. పిన్ను లాగినందువల్ల కాక, మీట వదిలాకే స్ప్రింగు స్ట్రైకరు అనే లోపలి కడ్డీని కిందికి నెట్టి వత్తిని అంటిస్తుందని రాసిన భాగంలో మార్పు లేదు.