ఇము గురించి కూడా రాయాల్సింది

అమెరికా వాళ్ల పండగ థాంక్స్‌గివింగ్ అంటే ఓవెన్‌లో కాల్చిన టర్కీ కోడే అన్నట్టు సాగింది మీ వ్యాసం. హవాయిలో చాలామందికి ఆ కోడి ‘ఇము’లో, అంటే నేలలో తవ్విన పొయ్యిలో ఉడకాల్సిందేనండీ. గొయ్యి తవ్వి, కియావే అనే చెట్టు కట్టెలతో లావా రాళ్లను బాగా కాల్చి, పైన చితక్కొట్టిన అరటి బోదెలు, ఆకులు పరిచి, మాంసం పెట్టి, తడి గోనెపట్టాలు కప్పి మూసేస్తారు. రాత్రంతా ఆ బోదెల ఆవిరికే ఉడికి, పొద్దున పీచులు పీచులుగా విడిపోతుంది, పొగ వాసనతో.

కొన్నిచోట్ల స్కూళ్ల వాళ్లు నిధుల కోసం పెద్ద ఇము వేస్తారు. ఊళ్లోవాళ్లు ముందు రోజే తమ ట్రేలు ఇచ్చి, పండగ పొద్దున పట్టుకెళ్తారు. నాకు చాలా నచ్చిన సంగతి ఇదే.

హవాయి వాళ్ల సొంత పంటల పండగ ‘మకహికి’ థాంక్స్‌గివింగ్ కన్నా ఇంకా పాతది. నవంబరు ప్రాంతంలో, సాయంత్రం తూర్పున కృత్తికలు పొడిచాక మొదలై, పూర్వం సుమారు నాలుగు నెలలు సాగేది. అన్నాళ్లూ యుద్ధాలు నిషిద్ధంగా ఉండేవి. మన కార్తీకానికి పేరిచ్చిన చుక్కలే ఆ కృత్తికలు! మకహికి మీద ఇంకో వ్యాసం రాయండి, ప్లీజ్.