పోచింకిలో చచ్చినవాళ్ళ సాక్ష్యం చెల్లదు

వీడియో గేమ్‌లో ఉన్న ఒక ఊరికో కోటకో వికీపీడియాలో సొంత పేజీ ఉండొచ్చా కూడదా అని తేల్చే పెద్దమనుషులంటే నాకు అపారమైన గౌరవం. ఎవరూ జీతం ఇవ్వకుండా, ఎవరూ అడక్కుండా, అర్ధరాత్రి దాకా మేలుకుని "ఈ గుహ ముఖ్యమైనదేనా" అని తర్కించుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు చెప్పండి.

రూలు చాలా సింపుల్. ఆ చోట ఎంతమంది తిరిగారు, ఎన్నేళ్ళు తిరిగారు, కళ్ళు మూసుకుని కూడా దారి చెప్పగలరా, ఇవన్నీ అనవసరం. గేమ్ కంపెనీతో సంబంధంలేని నమ్మదగిన చోట ఎవరైనా దాని గురించి వివరంగా రాశారా? రాస్తే ఆ ఊరు ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. సరే, రూలు లేకపోతే ప్రతి గేమ్‌లో ప్రతి బాత్రూముకీ పేజీ పడుతుంది, అది నేనూ ఒప్పుకుంటా. కానీ ఆచరణలో ఆ నమ్మదగిన చోటు అంటే ఏంటో తెలుసా? "మమ్మల్ని చిరాకుపెట్టిన టాప్ టెన్ వాటర్ లెవెల్స్". అదండీ సోర్సు! ఎవరో రైటరు సాయంత్రం డెడ్‌లైన్ తరుముతుంటే ఏడో నంబరు కింద రెండు లైన్లు గీకి పారేస్తాడు, అలాంటివి నాలుగు పోగేస్తే "విమర్శకుల స్పందన" అని ఒక సెక్షన్ తయారు, పేజీ బతికిపోయింది.

దీనివల్ల ఏమవుతుందంటే, మనిషిని ఏడిపించిన చోటుకే చరిత్రలో సీటు. 1998లో వచ్చిన జెల్డా గేమ్ ఆకరీనా ఆఫ్ టైమ్‌లో వాటర్ టెంపుల్ అనే లెవెల్ గుర్తుందా? నీళ్ళ అడుక్కి దిగాలంటే ఇనప బూట్లు వేసుకోవాలి, దానికి గేమ్ పాజ్ చేసి మెనూలోకెళ్ళాలి, పైకి తేలాలంటే మళ్ళీ పాజ్, మళ్ళీ మెనూ, బూట్లు విప్పు, నాలుగడుగులు వేశాక మళ్ళీ దిగాలి, మళ్ళీ పాజ్. ఎంత ఘోరమంటే దాన్ని డిజైన్ చేసిన ఐజీ అవొనుమా తర్వాత స్వయంగా సారీ చెప్పుకున్నాడు, నింటెండో చేతి కన్సోల్ త్రీడీఎస్ కోసం 2011లో చేసిన రీమేక్‌లో ఆ బూట్లని ఆ మెనూలోంచి పీకి మామూలు ఐటమ్ చేసేశారు. మరి అలాంటి చోటుకి సోర్సులకి కొదవా? తిట్టినవాళ్ళందరూ సాక్షులే. సాఫీగా ఆడించి ఇంటికి పంపిన లెవెల్ గురించి మాత్రం ఎవడు రాస్తాడు? (1985 మారియోలో మొదటి లెవెల్, వరల్డ్ 1-1, ఒక్క ముక్క చెప్పకుండా ఆట నేర్పిస్తుందని మెచ్చుకుని రాశారు, దానికి పేజీ కూడా ఉంది. మంచితనానికి దక్కిన ఆ ఒక్క కుర్చీ మారియో ఎప్పుడో ఎత్తుకుపోయాడు.)

పుకారు ఉంటే ఇంకా మంచిది. పోకెమాన్‌లో లావెండర్ టౌన్‌కి సొంత పేజీ ఉంది. ఆ ఊరి మ్యూజిక్ విని జపాన్‌లో పిల్లలు జబ్బుపడ్డారని ఇంటర్నెట్‌లో ఎవరో కథ అల్లారు, అది శుద్ధ అబద్ధం, కానీ అబద్ధమని చెప్పడానికి ఎంతమంది రాశారంటే ఆ రాతలే సోర్సులైపోయాయి. అంటువ్యాధి అయితే సరేసరి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో 2005లో జుల్‌గురుబ్ అనే చోటు నుంచి బయటపడిన రక్తపు శాపం ఊళ్ళకి ఊళ్ళనే తుడిచిపెడితే, దాని మీద 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వాళ్ళ అంటువ్యాధుల పత్రికలో వ్యాసమే వచ్చింది, ఇంకేం, ఆ సంఘటనకి దర్జాగా ఒక పేజీ. సొంత ఊరికి పేజీ కావాలనుకునే లెవెల్ డిజైనర్లు ప్లేగు సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇప్పుడు ఏ జబ్బూ లేని మామూలు ఊరి గతి చూద్దాం. పోచింకికి ఎవరో కుర్రాడు పేజీ పెట్టాడనుకోండి. పబ్‌జీలో ఎరాంగెల్ మ్యాప్‌కి ఇంచుమించు నట్టనడుమ ఉంటుంది, 2017 నుంచి జనం పారాచూట్‌లో దిగడం, దిగీ దిగగానే చావడం, ఎవడు కొట్టాడో తెలీక స్క్రీన్‌ని తిట్టడం. పేజీ మీద ఇంకా తడి ఆరకముందే ఎర్ర గీత బోర్డు పడుతుంది: తొలగింపు చర్చ, గడువు ఏడు రోజులు.

మొదటాయన వస్తాడు: "నేను ఈ గేమ్ ఆడలేదు, అయినా దీనికి ప్రాముఖ్యత లేదని స్పష్టంగా తెలుస్తోంది." రెండో ఆయన: "పైవారి మాటే నా మాట." మూడో ఆయనది జాలిగుండె: "పాపం తీసెయ్యకండి, ఎరాంగెల్ పేజీలో కలిపేద్దాం." నాలుగో ఆయన: "అసలు ఎరాంగెల్‌కి మాత్రం పేజీ దేనికి, రెండూ కలిపి గేమ్ పేజీలో పడేద్దాం." పేజీ పెట్టిన కుర్రాడు చేతులు కట్టుకుని "సార్, పోచింకి అందరికీ తెలుసు సార్" అంటాడు. అందరికీ తెలిసింది సోర్సు కాదు నాయనా. "నేనే అక్కడ చచ్చాను సార్!" అది స్వీయ పరిశోధన, చెల్లదు. "మా ఫ్రెండ్సు కూడా చచ్చారు సార్." చచ్చినవాళ్ళు ఈ విషయంలో స్వతంత్రులు కారు, వాళ్ళకి ఊరి మీద కక్ష ఉంటుంది. పోనీ చంపినవాడు? వాడికి లాభం ముట్టింది, వాడి మాట అసలే చెల్లదు. "చర్చి దగ్గర ఎలా దాక్కోవాలో కూడా రాశాను సార్." బాబూ, ఇది గేమ్ గైడ్ కాదు, ముందు ఆ పేరా కొట్టెయ్.

ఇంతలో ఒకాయన పరిగెత్తుకొస్తాడు, పోచింకి మీద బోలెడు సోర్సులు దొరికాయని. తెరిచి చూస్తే అవి రష్యాలో నిజ్నీ నొవ్‌గొరొద్ ప్రాంతంలో ఉన్న అసలు పోచింకివి. అంతే, సభ మొత్తం లేచి నిలబడుతుంది. ప్రభుత్వం గుర్తించిన ఊరు, మనుషులున్న ఊరు! రూలు ప్రకారం జనాభా వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉన్నా అలాంటి ఊరికి పేజీ ఉండొచ్చు. గేమ్ పోచింకికి రోజూ ఎంత జనం దిగుతున్నా, ఏం లాభం, ఎవరూ ఇల్లు కట్టుకుని ఉండట్లేదు కదా. ఏడో రోజు "ఇది ఓటింగ్ కాదు" అని ఒక ప్రకటన, ఆ తర్వాత తలలు లెక్కపెట్టుకుని పేజీ తీసేయడం.

పోచింకి సంగతి పర్లేదు, ఇవాళ కూడా దిగి చావొచ్చు. నాకు నిజంగా ఒళ్ళు మండేది సర్వర్లు ఆపేసిన గేముల దగ్గర. 2005లో మొదలైన క్లబ్ పెంగ్విన్ అనే పిల్లల ఆన్‌లైన్ గేమ్‌లో ఒక మంచుగడ్డ ఉండేది. పిల్లలు గుంపులు గుంపులుగా దాని మీదకెక్కి, నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని, ఒకే అంచున చేరి డ్రిల్లింగ్ చేసేవాళ్ళు, అందరూ కలిసి తవ్వితే అది బోర్లా పడుతుందని నమ్మకం. ఏళ్ళ తరబడి తవ్వారు, అది కదల్లేదు. 2017లో గేమ్ మూసేసే ముందు చివరి పార్టీలో కంపెనీవాళ్ళు దాన్ని నిజంగానే తిరగబడనిచ్చారు. మార్చి 30న అన్నీ ఆపేశారు. ఇప్పుడు ఆ గడ్డ గురించి తెలుసుకోవాలంటే ఆ పిల్లలు రాసుకున్నదే దిక్కు. ఆ రాతకి, వికీపీడియా పెద్దమనుషులూ, మీరు పెట్టిన పేరేంటి? ఫ్యాన్‌క్రఫ్ట్! అంటే అభిమానుల చెత్త. చెత్త ఏంట్రా? అక్కడ ఉన్నది వాళ్ళు, చూసింది వాళ్ళు, స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి పెట్టింది వాళ్ళు, మీ నమ్మదగిన పత్రిక ఆ రోజు ఎక్కడుంది? టాప్ టెన్ రాసుకుంటోంది! 2012 నవంబర్ 30న సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆపేస్తే అందులోని పారగాన్ సిటీ మొత్తం మాయమైంది, ఏళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ లేపి సర్వర్ నడిపింది కూడా ఫ్యాన్సే, కంపెనీ కాదు, విమర్శకులు కాదు. పైగా వికీపీడియాలో ఒకసారి తీసేశాక ఆ పేజీలో ఏముందో అడ్మిన్లకి తప్ప ఇంకెవరికీ కనపడదు. నెలల తరబడి కూర్చుని రాసినవాడికి కూడా కనపడదు. వాడు మళ్ళీ ఆ గడప తొక్కుతాడా? తొక్కడు. పదేళ్ళ తర్వాత "కొత్త ఎడిటర్లు రావట్లేదేంటి" అని వాపోతూ ఇంకో చర్చ మీరే పెడతారు.

రాసే పిల్లలూ, పేజీ పెట్టే ముందు మొత్తం టెక్స్టు మీ కంప్యూటర్లో ఒక ఫైల్లో దాచుకోండి, బొమ్మలతో సహా. ఎర్ర గీత కనపడగానే అక్కడ వాదించడం మానేసి, వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో ఆ పేజీ కాపీ సేవ్ చేసేయండి. వాళ్ళకి ఏడు రోజులు పడుతుంది, మీకు నిమిషం చాలు.