రక్షణ, భద్రత: ఒక అభ్యంతరం

క్రీస్తును నమ్మినవారికి కష్టాలు రావని, రక్షణ (పాపం నుండి విడుదల) అంటే అదేనని వ్యాసకర్త రాసిన దానితో నేను ఏకీభవించలేను. "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అన్నది, మీరు వెళ్లే చోటే తెలియనప్పుడు దారి ఎలా తెలుస్తుందని శిష్యుడైన తోమా అడిగినందుకు, తాను పట్టుబడబోయే రాత్రి యేసు ఇచ్చిన జవాబు (యోహాను 14:6). చెప్పినవాడే మరునాడు సిలువనెక్కాడు.

1977 నవంబరు ఉప్పెనకు దివిసీమలో ఇల్లు పోగొట్టుకున్న మా అమ్మమ్మ బైబిలులో, "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అని తన గొర్రెలను, అంటే తనను వెంబడించేవారిని, గురించి యేసు చెప్పిన వచనం (యోహాను 10:28) కింద పెన్సిలు గీత ఆమె వేలి రాపిడికి సగం చెరిగిపోయి ఉంటుంది. భద్రత అని ఆమె అనేది ఆ చేతిని గురించే గాని ఇంటి పైకప్పును గురించి కాదు. విశ్వాసం విడిచిపెట్టినవారి రక్షణ నిలుస్తుందా అన్న విషయంలో సంఘాల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. వ్యాసం దానినైనా ప్రస్తావించి ఉండవలసింది.